చేతికందే ఎత్తు

మూతకూత వినిపించగానే కొలిమి బజారులో తలుపులన్నీ ఒకదాని వెనక ఒకటి బిగుసుకున్నాయి. పాతకాలపు తలుపుల్లా దభాలున మూసుకోవు అవి. అంచులకున్న రబ్బరు పెదవుల్లా కలుసుకుంటుంది. లోపలి గాలి లోపలా, బయటి గాలి బయటా ఉండిపోతాయి. పొద్దు బారెడెక్కినప్పటి నుంచి సాయంత్రం విడుపుకూత దాకా ఎండాకాలమంతా పల్నాడులో మనిషన్నవాడు గడప దాటడు. ఆ పూటకి సర్కారు పెట్టిన పేరేదో ఉంది. జనం మాత్రం మూతపూట అంటారు.

బజారు మొత్తమ్మీద గడియ వేసుకునే చెక్కతలుపు ఇంక లూర్దమ్మ ఇంటికే ఉంది. ఆమె దాన్ని భుజంతో నెట్టి, గడియ పెట్టి, ఇంట్లో సామాను సర్దుకుంటున్న మనిషి వైపు తిరిగింది.

"అయితే నువ్వూ నాతోపాటు ఉడుకుతావన్నమాట," అంది.

"తప్పదు పెద్దమ్మా. పరీక్ష ఈ పూటే చెయ్యాలి," అన్నాడు చెన్నకేశవులు. అతను మాచర్లవాడు. పాత ఇళ్ళకి తోడుమరలు బిగించే పని. "చల్లపూట చేస్తే ఇల్లు అబద్ధం చెబుద్ది. బయట నిప్పులు కురిసేటప్పుడే దాని బండారం బయటపడేది."

తోడుమర అనేది కూడా జనం పెట్టిన పేరే. బావిలోంచి నీళ్ళు తోడి గట్టున పోసినట్టు, ఆ యంత్రం ఇంట్లోంచి వేడిని తోడి బయట పోస్తుంది. చలికాలంలో తిరగేసి, బయట ఉన్న కాస్త వెచ్చదనాన్ని తోడి లోపల పోస్తుంది. మంటా లేదు, పొగా లేదు. ఇంట్లో ఒక పెట్టె, బయట ఒక పెట్టె, మధ్య రెండు రాగి గొట్టాలు. అయితే చిల్లికుండలో ఎంత తోడినా ఒకటే కదా. అందుకని ముందు ఇంటిని బిగించాలి. పాత ఇళ్ళ గోడల్లో ప్రతి సందూ, ప్రతి నెర్రే వెతికి, నురుగుసున్నం కొట్టి పూడ్చాలి. ఆ తర్వాత ఊపిరి పరీక్ష. అందులో నెగ్గిన ఇంటికే మర తిరుగుతుంది.

ఒకప్పుడు ఈ బజారులో అన్నిటికంటే చల్లనిల్లు లూర్దమ్మదే. మూరెడు మందాన నాపరాతి గోడలు, పైన నాపరాతి కప్పు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చాటలు తెచ్చుకుని ఆమె నట్టింట్లో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఇటువైపు ఇళ్ళూ అటువైపు ఇళ్ళూ తమ వేడిని తోడి బజార్లో పోస్తుంటే, మర లేని ఒక్క ఇల్లూ దాన్ని తాగుతోంది. పోయిన వేసవిలో ఆమె పొయ్యి దగ్గరే పడిపోయింది. ఈస్టరు వెళ్ళేలోగా మర పెట్టించుకోకపోతే ఊరి చివర చలువశాలకి తరలిస్తామని సర్కారు మనుషులొచ్చి చెప్పి వెళ్ళారు. పాతిక మంచాల హాలు. ఎవరి మంచం మీద ఎవరి దగ్గు.

"బయటిపెట్టె కప్పు మీద ఎక్కిస్తా," అన్నాడు చెన్నకేశవులు, వెనక కిటికీ చట్రంలో ఊపిరిపంకా బిగిస్తూ. "ఇదివరకు బజారు వైపు గోడకి, నడుమెత్తున పెట్టేవాళ్ళం. గేదెలు ఒళ్ళు రాసుకోవడం, పిల్లకాయలు పుల్లలు దూర్చడం. మర ఆగితే ఊరుకుంటదా? ఇంటి తలుపు దానంతటదే విచ్చుకుంటది, లోపలోళ్ళు ఉడికి చావకుండా. ఇక బజారంతా కూతలే. అందుకే ఈ నెల నుంచి అన్నీ పైకే."

"ఎక్కడన్నా పెట్టుకో. ఆ గోడ మాత్రం ముట్టుకోమాకు."

అతను నిట్టూర్చాడు. నిన్నటి నుంచీ ఇదే గొడవ. తూర్పుగోడ, పడమటిగోడ, కప్పు అన్నీ పూడ్పించుకుంది. పక్కింటితో ఉమ్మడిగా ఉన్న ఉత్తరపుగోడ దగ్గరికి వచ్చేసరికి చీపురు అడ్డం పెట్టింది.

"అవతలి వైపు నేనే పూడ్చా పెద్దమ్మా. జోజిబాబు వాళ్ళిల్లు. తపస్సుకాలం ఉపవాసాలు మొదలవకముందే. నువ్వు ఒకవైపు వదిలేసినా ఏం వినపడదు ఇక."

"అదేగా నా ఏడుపు."

ఆ గోడ మధ్యలో, మనిషి రొమ్ము ఎత్తున, రాయి అరిగి అరచేతంత గుంట పడి ఉంది. చెన్నకేశవులు నిన్న దాన్ని చూసి, ఏ కాలం దెబ్బో అనుకున్నాడు. అది దెబ్బే, కాని ఒక్కటి కాదు.

లూర్దమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడే ఆ గుంట సంగతి తెలుసుకుంది. ఆమె మొగుడు చెయ్యి ఎత్తిన మొదటి మధ్యాహ్నం, అవతలి నుంచి గోడ దద్దరిల్లింది. రోటి పొత్రంతో కొట్టిన చప్పుడు. దాని వెనకే ఆ పక్కిల్లు, దాని పక్కిల్లు. కలిసి ఉన్న గోడలు కదా, బజారు చివరిదాకా పొత్రాలు మోగాయి. ఆమె మొగుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి జోజి నాయనమ్మ శౌరమ్మ చేతిలో చిన్న గిన్నెతో గడపలో నిలబడి, ఏమీ ఎరగనట్టు, "చింతపండు ఉందా అమ్మాయ్?" అంది. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. అతని ముఖం వైపు చూడనైనా లేదు. చింతపండు తీసుకుని అక్కడే పీట వేసుకుని కూర్చుంది, పొద్దు వాలేదాకా.

కొలిమి బజారులో అదే పద్ధతి. గోడ మోగితే అందరూ మోగించాలి. తర్వాత ఒకరు చింతపండుకి వెళ్ళాలి. ఎవరి ఇంట్లోనూ చింతపండుకి కొదవ ఉండేది కాదు. మగవాళ్ళకీ తెలుసు అది చింతపండు కోసం కాదని. తెలిసినా ఏమీ అనలేరు. చింతపండు అడగడం తప్పని ఎవడంటాడు?

శౌరమ్మ పోయాక ఆ గుంటని ఇటునుంచి అరగదీసింది లూర్దమ్మే. జోజి తండ్రి కాలంలో కొట్టింది. రెండేళ్ళ కిందట జోజి ఫిలోమినని చేసుకొచ్చాక మళ్ళీ కొట్టింది. ఆమె కోపం అలా చేతిలోంచి రాతిలోకి వెళ్ళిపోయేది. లోపల నిలవ ఉండేది కాదు.

అవతలి గోడ పూడ్చిన రోజు నుంచీ నిలవ ఉంటోంది. మూతపూటలో మగవాడూ ఆడదీ ఒకే గదిలో, బిగిసిన తలుపుల వెనక, రోజూ పూటంతా. ఆ ఇంట్లోంచి చీమ చిటుక్కుమనదు. మొదట్లో ఆమె చెవి గోడకి ఆనించి కూర్చునేది. రాయి చల్లగా తగిలేది, అంతే. తర్వాత చెవిలో ఏడుపులు మొదలయ్యాయి. గిన్నెలు తోముతుంటే ఏడుపు, ఆపితే లేదు. డాక్టరు చెవిలో దీపం వేసి చూసి, వయసు, అన్నాడు. ఆమెకి అన్నిటికంటే ఒళ్ళు మండింది అక్కడే. విన్నదాన్ని నమ్మలేకపోవడం, వినకపోవడం కంటే హీనం. తన చెవి మీద తనకే అనుమానం పుట్టించారు. పైగా బజారు మొదట్లో 'ప్రశాంత వీధి' అని బోర్డు పాతి దండ వేశారు. ఏడాదిగా ఒక్క గొడవా నమోదు కాలేదట.

తెల్లవారుజామున కొళాయి దగ్గర ఫిలోమిన కనిపించేది. మోచేతుల కిందికి జాకెట్టు చేతులు. పక్కన జోజి, బిందె తనే మోస్తూ. "బాగున్నావంటే పిల్లా?" అంటే, "బాగున్నా మామ్మా," అనేది. జోజి నవ్వి, "దానికేం మామ్మా, చల్లగా కూర్చోబెట్టి మేపుతున్నా," అనేవాడు.

"పంకా వేస్తున్నా," అన్నాడు చెన్నకేశవులు.

ఊపిరిపంకా గుర్రుమంటూ ఇంట్లో గాలిని వెనక దొడ్లోకి లాగడం మొదలుపెట్టింది. లోపల గాలి తగ్గేకొద్దీ, పూడ్చకుండా మిగిలిన సందులు ఎక్కడున్నా బయటి గాలి అక్కడినుంచి దూరాలి. అతను పొగకడ్డీ వెలిగించి గోడల వెంట నడిచాడు. దర్వాజా దగ్గర పొగ మెలికలు తిరిగింది. తలుపు మార్చాక సరిపోతుంది. దూలం మొదట్లో చెయ్యి పెట్టి చూస్తే పొయ్యిలోంచి ఊదినట్టు వేడిగాలి. అక్కడ గుర్తు పెట్టాడు. ఉత్తరపుగోడ దగ్గరికి వచ్చి, "ఇక్కడేముంటది, అవతల నేను పూడ్చిందేగా," అంటూ కడ్డీ జరుపుకుంటూ పోయాడు.

నేలకి జానెడెత్తులో, మూలకి దగ్గరగా, పొగ ఒక్కసారిగా గదిలోకి విరుచుకుపడింది.

అతను గొంతుకూర్చుని రెండు రాళ్ళ మధ్య సందుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "పెద్దమ్మా, చల్లగా వస్తంది గాలి."

లూర్దమ్మ వచ్చి వంగింది. మిగతా సందులన్నీ నిప్పు ఊదుతుంటే ఇది మంచు ఊదుతోంది. అవతల జోజి ఇంటి గాలి. దానితోపాటు తెల్లటి నలుసులు, కొబ్బరికోరులా, రాలి ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"నా నురుగుసున్నం," అన్నాడు అతను. ముఖంలో వృత్తి పౌరుషం కనిపించింది. "ఎలకలా? మా సున్నం ఎలక కొరకదే. పరీక్షలో నెగ్గిన ఇల్లు అది. పైగా ఎవరి గోడ వాళ్ళు తవ్వుకుంటారా?"

"పంకా ఆపు."

"పెద్దమ్మా, మధ్యలో ఆపితే..."

"ఆపమన్నానా!"

పంకా ఆగింది. ఆగిన తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఆ సందులోంచి చప్పుడు వినిపించింది. గర్... గర్... రాతి మీద లోహం గీసిన చప్పుడు. ఇద్దరూ విన్నారు. లూర్దమ్మ చెన్నకేశవుల ముఖం వైపు చూసింది, అతని చెవికి కూడా వినపడుతోందా అని. అతని కనుబొమలు ముడిపడి ఉన్నాయి. వినపడుతోంది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమె చెవి ఆమెకి తిరిగొచ్చింది.

మట్టి పెళ్ళ ఒకటి ఊడి పడింది. సందులోంచి చెంచా మొన బయటికి వచ్చింది. వంగిపోయి, అరిగిపోయి, తెల్లటి పొడి అంటుకున్న చెంచా.

"ఫిలోమినా," అంది లూర్దమ్మ, నోరు రాతికి ఆనించి.

చెంచా ఆగింది.

"మామ్మా..." ఊపిరంత గొంతు. "మామ్మా, వినపడతందా నీకు?"

సమాధానం చెప్పేలోపే అవతల అడుగుల చప్పుడు. "ఏం చేస్తన్నావే ఆ మూల?" జోజి గొంతు. కొళాయి దగ్గర వినే గొంతు కాదు అది. ఏదో ఈడ్చిన చప్పుడు, తర్వాత దేనికో తల తగిలిన చప్పుడు, తర్వాత ఆ పిల్ల అరుపు. ఆ అరుపు బయటికి రావాలని అరిచినది కాదు. రెండు నెలలుగా ఎవరికీ వినపడదని అలవాటైపోయిన గొంతు, సగంలోనే మానుకుంది.

లూర్దమ్మ రోటి దగ్గరికి ఎలా వెళ్ళిందో తనకే తెలియదు. పొత్రం రెండు చేతులా ఎత్తి గుంటలో కొట్టింది. మళ్ళీ కొట్టింది. చప్పుడు రాయిలోకి వెళ్ళి, నురుగులో కూరుకుపోయింది. ఇదివరకైతే ఈ పాటికి పక్కిల్లు మోగాలి, దాని పక్కిల్లు మోగాలి. ఏదీ మోగలేదు. అన్ని గోడలూ పత్తి నింపిన దిళ్ళు.

సందులోంచి నవ్వు వచ్చింది. "కొట్టుకో మామ్మా, బాగా కొట్టుకో. ఎవరొస్తారో చూద్దాం."

చెన్నకేశవులు లేచి నిలబడ్డాడు. "నేను ఫోన్ చేస్తా. కంపెనీకి చేస్తా."

"చేస్తే?"

"విడుపుకూత కాగానే..."

"విడుపుకూత!" ఆమె అతని మీద విరుచుకుపడింది. "దాన్ని చంపి, కడిగి, తుడిచి, పొద్దుగూకాక కొళాయి కాడికి బిందె తీసుకొస్తాడు వాడు. మూతపెట్టింది ఎవరయ్యా? మాకు చెవులు లేకుండా చేసింది ఎవరు? సందు ఎక్కడుందో పొగ పెట్టి వెతుకుతావే, ఆ సందులోంచి ఏం పోతందో ఎప్పుడన్నా అడిగావా?"

"నేను వేడి పోకుండా పూడ్చా పెద్దమ్మా," అన్నాడతను. "వేడి గురించే చెప్పారు నాకు." అది సాకు కాదు. నిజంగానే అతనికి అంతే చెప్పారు.

ఆమె కుండలో తుండుగుడ్డ ముంచి తలకి చుట్టుకుంది. పొత్రాన్ని చంకలో పెట్టుకుని గడియ తీసింది.

"ఎక్కడికి? ఈ ఎండలో పట్టుమని పది అడుగులు..."

"నాలుగు చాలు."

బయట బజారు తెల్లగా ఉంది. రంగులన్నీ కాలిపోయినట్టు తెల్లగా. రెండు వైపులా గోడలకి బయటిపెట్టెలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి, ఇళ్ళలోంచి తోడిన వేడిని బజారు మీదికి ఊదుతున్నాయి. గాలి ఆమె ముక్కులో చురుక్కుమంది. చెప్పులు వేసుకోలేదని నాపరాయి మీద అడుగుపెట్టాక తెలిసింది. జోజి తలుపు మీద కొట్టింది. అరచెయ్యి చప్పుడు కూడా రబ్బరు మింగేసింది.

తలుపు పక్కన, నడుమెత్తున, జోజి ఇంటి మర. తీగల చట్రం వెనక రెక్కలు తిరుగుతున్నాయి. ఆ మొహం మీద ఆమెకి వాడి నవ్వు కనిపించింది.

"పెద్దమ్మా!" చెన్నకేశవులు గడపలోంచి అరిచాడు. "అది కంపెనీ సొత్తు! నా ఉద్యోగం పోద్ది!"

"ఆ పిల్ల కూడా వాడి సొత్తేనంటావా?" అంది లూర్దమ్మ. పొత్రం ఎత్తింది.

మొదటి దెబ్బకి చట్రం లోపలికి వంగింది. రెండో దెబ్బలో యాభై ఏళ్ళ కోపం ఉంది. శౌరమ్మది, తనది, ఆ పిల్లది. రెక్కలు విరిగి, పెట్టె ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది.

వెంటనే కూత మొదలైంది. జోజి ఇంటి కప్పు మీద ఎర్రదీపం తిరుగుతూ, బజారులో ప్రతి ఇంటి గోడలోంచీ, ప్రతి నట్టింట్లోకీ అదే కూత. మర ఆగింది, ఒక ఇల్లు తెరుచుకుంటోంది, సాయం పట్టండి. నిపుణులు ఎండ కోసం పెట్టిన ఏర్పాటు అది. తలుపు రబ్బరు పెదవులు విడిపోయాయి.

లోపలి చల్లదనం ఆమె ముఖానికి తగిలింది. గదిలో జోజి నిలబడి ఉన్నాడు. మూల నుంచి ఫిలోమిన గోడ పట్టుకుని లేస్తోంది. కణత మీద నెత్తురు. చెంచా ఇంకా చేతిలోనే ఉంది.

"ఏంది మామ్మా ఇది? పిచ్చా నీకు?" అన్నాడు జోజి.

లూర్దమ్మ రొప్పుతోంది. తడిగుడ్డ అప్పుడే ఎండిపోయింది. పొత్రాన్ని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేతిని ఖాళీగా ముందుకు చాపింది.

"చింతపండు ఉందా అమ్మాయ్?"

జోజి శౌరమ్మ మనవడు. ఆ మాట అర్థం వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఈ మిట్టమధ్యాహ్నం..."

"పులుసు పెట్టాలిరా. పులుపు తగలాలి కొందరికి."

ఎదురింటి తలుపు విచ్చుకుంది. నెత్తిన దుప్పటి కప్పుకుని ముసలి అరుళమ్మ బయటికి వచ్చింది. కూత విని వచ్చింది. విరిగిన మర చూసింది, పొత్రం చూసింది. "నాక్కూడా చింతపండు కావాలి పిల్లా," అంది అక్కడినుంచే, ఎండని చీల్చే గొంతుతో. రెండిళ్ళ అవతల ఇంకో తలుపు. మిగతా తలుపులు తెరుచుకోలేదు. ఏ తలుపులు తెరుచుకోలేదో లూర్దమ్మ మెల్లగా, ఒక్కొక్కటే చూసి గుర్తుపెట్టుకుంది.

జోజి తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టబోయాడు. ఫిలోమిన ఆ చేతికింద నుంచి వంగి గడప దాటింది.

లూర్దమ్మ ఇల్లు కొలిమిలా ఉంది. అయినా ఫిలోమిన నట్టింట్లో రాతినేల మీద కూర్చుని గుండెల నిండా గాలి పీల్చింది. చెన్నకేశవులు నీళ్ళ చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టి, ఎటు చూడాలో తెలియక ఇంకా బిగించని మర వైపు చూశాడు. అరుళమ్మ చింతపండు అడగడానికి వచ్చినదానిలా గడపలోనే పీట వేసుకుని, ఎండకి ఒగురుస్తూ కూర్చుంది.

"రోజూ గోకుతూనే ఉన్నా మామ్మా. వాడు నిద్రపోయినప్పుడల్లా," అంది ఫిలోమిన. "నీకు వినపడతందో లేదో తెలియలా."

"వినపడలా," అంది లూర్దమ్మ. అంతకంటే మెత్తని మాట ఏదన్నా చెప్పి ఉండొచ్చు. ఆమె చెప్పలేదు. ఈ అబద్ధపు ప్రశాంతతకి ఇంకో అబద్ధం కలపడం ఆమెకి ఇష్టం లేకపోయింది. తడిగుడ్డతో ఆ పిల్ల కణత తుడిచింది. చాలా రోజుల తర్వాత ఆమె చెయ్యి తేలిగ్గా ఉంది.

చెన్నకేశవులు ఉత్తరపుగోడ మూలన గొంతుకూర్చున్నాడు. "ఆ సందు ఏం చెయ్యమంటావు పెద్దమ్మా? పూడ్చకపోతే పరీక్ష నెగ్గదు. నెగ్గకపోతే నిన్ను చలువశాలకి... పూడిస్తే మరి..."

లూర్దమ్మ గోడ వైపు చూసింది. రొమ్మెత్తున ఉన్న గుంట. కింద మూలన చెంచా తవ్విన సందు. ఇక ఈ గోడ మోగదు. ఏ గోడా మోగదు. తవ్వి వినిపించుకోవాలంటే రెండు నెలలు పడుతుంది, అంతకాలం అందరూ బతకరు.

"పూడ్చెయ్," అంది.

అరుళమ్మ ఉలిక్కిపడి చూసింది.

"పూడ్చెయ్ నాయనా. గుంట కూడా పూడ్చు. కాకపోతే బయటిపెట్టెని కప్పెక్కించమాకు. బజారు వైపు గోడకి పెట్టు."

"కొత్త రూలు ప్రకారం పైనే పెట్టాలి. మళ్ళీ ఎవరన్నా..." అతను ఆగాడు. ఎవరన్నా అంటే ఎవరో అతని ఎదురుగానే ఉంది.

"నీ రూలు నాకెందుకు? నేనా, ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో. నేను పోయాక ఈ ఇంట్లోకి ఏ పిల్ల కాపరానికొస్తదో. దాని మొగుడు ఎట్టాంటోడో." ఆమె పొత్రాన్ని చేత్తో పైకెత్తి, ఎంతవరకు ఎత్తగలదో చూసుకుంది. భుజం దాటలేదు. బజారు వైపు గోడ మీద అదే ఎత్తున, పొయ్యి మసి అద్దిన వేలితో, అడ్డంగా ఒక గీత గీసింది.

"ఇక్కడ పెట్టు. ముసలిదాని చేతికి కూడా అందాలి."

చెన్నకేశవులు కొలతబద్ద తీసి, గీతకి నాలుగు వేళ్ళు కిందగా గుర్తు పెట్టాడు.